ఒంటిచేతి కళ్లెం

మైపాడు బీచిలో సెలవు రోజుల్లో ఒకటో రెండో గుర్రాలు కనబడుతుంటాయి. నెల్లూరు నుంచి గంటలోపు ప్రయాణం కాబట్టి ఆదివారం సాయంత్రమైతే జనం బాగానే వస్తారు. మొక్కజొన్న పొత్తులవాళ్లు, చేపల వేపుడువాళ్లు, బెలూన్లవాళ్లు... వాళ్ల మధ్య జీనుకి రంగు గుడ్డలు కట్టిన ఒక గుర్రం. పిల్లల్ని ఎక్కించి, ఆ కనబడే పడవల దాకా నడిపించి, తిప్పి తీసుకొచ్చి దించేస్తారు. తాడు మాత్రం ఎప్పుడూ గుర్రం వాళ్ల చేతిలోనే ఉంటుంది.

మొన్న సంక్రాంతి సెలవులకి వచ్చిన మా మనవరాలు ఆ తాడు తీసేయమంది. గుర్రం పట్టుకున్న కుర్రాడికి పదహారేళ్లుంటాయేమో, నా మొహం వంక చూశాడు. వాళ్ల నాయన దూరం నుంచే, ‘ఇయ్యిరా, డాక్టరు సారు మనవరాలు గదా, ఏం గాదులే’ అన్నాడు. నేను ముప్పై ఏళ్లకు పైగా ఈ చుట్టుపక్కల పశువుల డాక్టరుగా చేశాను. ఆ మాటకి కాస్త విలువ ఇంకా మిగిలుంది.

మా పిల్ల రెండు పగ్గాలూ కలిపి ఎడమ చేత్తో వదులుగా పట్టుకుంది. కుడిచేయి తొడమీద ఉంచుకుంది. పగ్గం గుర్రం మెడకి ఒక పక్క తగిలీ తగలనట్టు ఆనించింది. గుర్రం చటుక్కున రెండో పక్కకి తిరిగింది. దిగ్గున ఆశ్చర్యపోయింది మా పిల్లే. హైదరాబాదులో తను ఎక్కిన ఏ గుర్రమూ అలా తిరగలేదట.

‘తమ్ముడూ, దీనికి ఇదెవరు నేర్పించారు?’ అని అడిగింది.

‘నేర్పించేదేందక్కా? పొద్దన్నే గడ్డికి పోతా గదా. ఒక చేత్తో మోపు పట్టుకుంటే ఇంకో చెయ్యే గదా ఉండేది’ అన్నాడు వాడు.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ మాటే. 

మా మనవరాలి సంగతి చెప్పాలి. అయిదేళ్లప్పుడు అమ్మానాన్నలతో టెక్సస్ వెళ్లి, పద్నాలుగేళ్లకి హైదరాబాదు తిరిగొచ్చింది. పాస్‌పోర్టు మనదే. అక్కడ ఫోర్ట్ వర్త్ దగ్గర స్కూలు పిల్లలు ఆటవిడుపుగా గుర్రపు స్వారీ నేర్చుకోవడం మామూలే. ఆ నేర్చుకునేది వెస్ట్రన్ పద్ధతి, అంటే కౌబాయ్ సినిమాల్లో చూస్తామే, అది. ఇక్కడికొచ్చాక ఒక రైడింగ్ స్కూల్లో చేర్పిస్తే మొదటి రోజే, ‘నువ్వు నేర్చుకున్నదంతా మరిచిపోవాలి. అది స్వారీ కింద లెక్కకి రాదు’ అన్నారట. ఏ స్కూలో చెప్పను గానీ, ఆ మాట ఆ ఒక్క స్కూలుది మాత్రమే కాదు. మన దేశంలో ఆ పద్ధతికి జాతీయ పోటీ లేదు. పోటీ లేకపోతే సర్టిఫికెట్ లేదు. సర్టిఫికెట్ లేకపోతే కాలేజీ దరఖాస్తులో ఆ కాలమ్ ఖాళీ. ఇప్పుడు తనకి పదిహేడు. గుర్రపు పోటీల్లో జూనియర్ వయసు పద్దెనిమిదితో సరి. ఇంటర్ రెండో సంవత్సరం, ఎంసెట్ కోచింగు, మధ్యలో ఈ గొడవ. వాళ్ల నాన్న ‘పద్ధతి మార్చుకుంటే పోలా’ అంటాడు. ఆ పిల్ల ‘తొమ్మిదేళ్లు నేర్చుకున్నది తప్పు కాదని ఎవరో ఒకరు చెప్పాలి కదా’ అంటుంది. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. 

రెండు పద్ధతులకీ తేడా ఏమిటో గుర్రమెక్కని వాళ్లకి కూడా అర్థమయ్యేలా చెబుతాను. ఒలింపిక్స్‌లో మనం చూసేది ఇంగ్లిష్ పద్ధతి. జీను పలచగా, చిన్నగా ఉంటుంది. పగ్గాలు రెండు చేతుల్లో ఉంటాయి. రైడరు వేళ్లకీ గుర్రం నోటికీ మధ్య ఎప్పుడూ ఒక సన్నని బిగువు ఉంటుంది. ఫోను కట్ చేయకుండా మాట్లాడుతూనే ఉన్నట్టన్నమాట. వెస్ట్రన్ పద్ధతిలో జీను బరువుగా, పీటలాగా ఉంటుంది. ముందువైపు ఒక కొమ్ములాంటి పిడి ఉంటుంది. పరుగెత్తే ఆవుకి తాడు విసిరాక ఆ తాడు కొసని చుట్టడానికది. రికాబులు కిందికి వేలాడతాయి. పగ్గాలు వదులుగా ఒకే చేతిలో ఉంటాయి. గుర్రం నోరు లాగనక్కర్లేదు, మెడకి పగ్గం తగిలితే చాలు. రైడరు అవసరమైనప్పుడే చెబుతాడు. మిగతా సమయమంతా గుర్రాన్ని దాని మానాన వదిలేస్తాడు. రోజంతా మందవెంట తిరిగేవాడికి ప్రతి అడుగూ చేత్తో చెప్పే ఓపిక ఎక్కడుంటుంది?

ఆ రెండో చెయ్యి ఖాళీగా ఉంచుకోవడమే ఈ పద్ధతికి ప్రాణం. తాడు కోసం, కర్ర కోసం, గడ్డిమోపు కోసం. ఇది అమెరికా వాళ్లు కనిపెట్టింది కాదు. స్పెయిన్ నుంచి మెక్సికో వెళ్లిన పశులకాపర్ల నుంచి వాళ్లకి వచ్చింది. ఆ కాపర్లని ‘వకేరో’ అంటారు. ‘వాకా’ అంటే స్పానిష్‌లో ఆవు. స్పెయిన్ వాళ్లకి ఆ చురుకైన స్వారీ చాలావరకు ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చిన ముస్లిం రౌతుల వల్ల అబ్బింది. అసలు గుర్రం మీద పని చేసేవాడెవడైనా ఒంటిచేత్తోనే స్వారీ చేస్తాడు. కత్తి పట్టినవాడూ అంతే, ఆవుని తోలేవాడూ అంతే.

ఆ లెక్కన మన నెల్లూరుకి ఇదేమన్నా కొత్తా? పదమూడో శతాబ్దంలో ఇక్కడ జరిగిన పెద్ద యుద్ధం దేనికోసమనుకున్నారు? పచ్చిక బీళ్ల కోసం. కాటమరాజు మందల్ని మేపుకోవడానికి నెల్లూరు రాజ్యంలోకి రావడం, పుల్లరి దగ్గర మాటామాటా పెరగడం, చివరికి పంచలింగాల దగ్గర కత్తులు దూసుకోవడం... కాటమరాజు కథ చెప్పేవాళ్లు ఇప్పటికీ రాత్రంతా చెబుతారు. మనుమసిద్ధి తరఫున కత్తి పట్టిన ఖడ్గ తిక్కనకి ఆ పేరు ఊరికే రాలేదు. ఒక చేత ఖడ్గముంటే పగ్గాలకి మిగిలేది ఒక్క చెయ్యే. అమెరికాలో మేతభూముల కోసం పశువుల వాళ్లు కొట్టుకున్న కథలతో హాలీవుడ్ వాళ్లు వందల సినిమాలు తీశారు. మన దగ్గర అలాంటి కథ ఏడు వందల ఏళ్ల కిందటే ఉంది.

ఇంకో చిత్రం వినండి. బ్రెజిల్ దేశంలో ఇరవై కోట్లకు పైగా పశువులున్నాయి. వాటిలో ఎక్కువ భాగం తెల్లటి ఒళ్లు, ఎత్తయిన మూపురం ఉన్నవి. వాటిని అక్కడ ‘నెలోరె’ అంటారు. అవును, మన ఊరి పేరే. మనం ఒంగోలు జాతి అని పిలుచుకునేదాన్ని వాళ్లు నెల్లూరు పేరుతో పిలుస్తారు. 1868లో ఇంగ్లండు పోతున్న ఓడ ఒకటి సాల్వడార్ రేవులో ఆగితే అందులోని ఒక జతని అక్కడ అమ్మేశారని చెబుతారు. 1960ల్లో ప్రకాశం జిల్లా కరవది గ్రామం పేరు పెట్టుకున్న ఒక ఆబోతు అక్కడికి వెళ్లి మందలకి మందల్ని నిలబెట్టింది. టెక్సస్‌లోని బ్రాహ్మన్ జాతిలోనూ గిర్, గుజరాత్, కృష్ణా వ్యాలీ రక్తంతోపాటు మన నెల్లూరు రక్తం ఉంది. అంటే మా మనవరాలు చూసిన కౌబాయ్‌లు తోలుతున్న మందల్లో కొన్నింటికి ముత్తాతలు ఈ గడ్డ మీద మేసినవే. ఈ సంగతి చెబితే అది గంటసేపు ఫోనులో బొమ్మలు వెతుక్కుంటూ కూర్చుంది.

నా ఉద్యోగంలో ఈ కథ నాకు తెలుసు. మా శాఖవాళ్లమంతా గర్వంగా చెప్పుకుంటాం కూడా. కానీ గుర్తింపు అన్న మాట గురించి ఆలోచించడం మొదలుపెట్టాక అందులో ఇంకో సంగతి కనబడింది. నెలోరె జాతికి వంశావళి పుస్తకం, ఏ దూడ ఎవరి కడుపున పుట్టిందో రాసి ఉంచే రిజిస్టరు, బ్రెజిల్‌లో 1938లోనే మొదలైంది. ఇక్కడ మన రైతులు అంతకుముందు ఎన్నో తరాలుగా కోడె కొమ్ము చూసి, గంగడోలు చూసి, నడక చూసి మంచి చెడ్డలు తేల్చేవాళ్లు. ఆ లెక్క వాళ్ల బుర్రల్లో ఉండేది. కాగితం మీద పెట్టినవాడికి పేరొచ్చింది. పశువు మనది, పుస్తకం వాళ్లది.

స్వారీలోనూ అదే జరిగింది. పుస్తకం ముందు ఎవరు రాస్తే పద్ధతి వాళ్లదే అయింది.

ప్రపంచ గుర్రపు పోటీలకి పెద్ద దిక్కు ఎఫ్‌ఈఐ అనే సమాఖ్య. 1921లో పుట్టింది. అప్పటి దాని సభ్యుల్లో ఎక్కువమంది సైన్యాధికారులు. అందుకే ఆ పోటీలన్నీ అశ్వికదళం అధికారి ఎలా స్వారీ చేయాలో ఆ కొలతల్లోనే తయారయ్యాయి. ఎంతవరకూ అంటే, డ్రెసాజ్ అనే క్రమశిక్షణ పోటీలో ఒలింపిక్స్‌కి రావాలంటే కమిషన్డ్ ఆఫీసరై ఉండాలి, లేదా పెద్దమనిషై ఉండాలి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో స్వీడన్ జట్టు ఆ పోటీలో బంగారు పతకం గెలిచింది. మరుసటి సంవత్సరం ఆ పతకాన్ని వెనక్కి తీసేసుకున్నారు. కారణం వింటే నవ్వొస్తుంది. జట్టులో పెర్షన్ అనే ఆయన అసలు హోదా సార్జెంటు. పోటీల కోసం లెఫ్టినెంటు చేసి, అయిపోగానే మళ్లీ సార్జెంటుని చేశారని తేలింది. గుర్రానికి మాత్రం తన మీద కూచున్నది సార్జెంటో లెఫ్టినెంటో ఏం తెలుసు? 1952 హెల్సింకీ నాటికి ఆ నిబంధన ఎత్తేశారు. పెర్షన్ మళ్లీ వచ్చి మళ్లీ బంగారమే గెలిచాడు. ఆ ఏడే మొదటిసారి ఆడవాళ్లకీ ఆ పోటీలో చోటిచ్చారు. పోలియోతో కాళ్లు దెబ్బతిన్న డెన్మార్క్ మహిళ లిస్ హార్టెల్ మగవాళ్లతో పోటీపడి వెండి పతకం పట్టుకెళ్లింది. 

మన ఈక్వెస్ట్రియన్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా 1967లో ఏర్పడింది. దీన్ని నడిపించినవాళ్లలోనూ ఎక్కువమంది సైన్యం వాళ్లే. జైపూరులోని 61వ క్యావల్రీ, మీరట్‌లోని రిమౌంట్ వెటర్నరీ కోర్... మంచి గుర్రాలున్నది వాళ్ల దగ్గర, నేర్పేవాళ్లున్నది వాళ్ల దగ్గర. వాళ్లకి బ్రిటిష్ వాళ్లు నేర్పింది ఇంగ్లిష్ పద్ధతి. ఇందులో కుట్రేమీ లేదు. వంటిల్లు ఎవరిదైతే రుచి వాళ్లది. ఆ వంటింట్లోంచే మంచి ఫలితాలూ వచ్చాయి. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో గుర్రపు పోటీల్లో మనకి బంగారు పతకాలొచ్చాయి. తర్వాత 41 ఏళ్లకి, 2023లో జరిగిన హాంగ్‌జౌ క్రీడల్లో సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛెడా, అనూష్ అగర్వాలా జట్టు డ్రెసాజ్‌లో బంగారం తెచ్చింది. ఆ నలుగురూ సైన్యం వాళ్లు కాదు, మామూలు కుటుంబాల పిల్లలు. మామూలు అన్నాను గానీ, ఒక్కో గుర్రాన్ని యూరప్‌లో ఉంచి మేపే స్తోమత ఉన్న మామూలు.

1982 నాటి ఆ పతకాల్లో ఒకటి మాత్రం నా వాదనకి పనికొస్తుంది. రూపిందర్ సింగ్ బ్రార్ గెలిచింది టెంట్ పెగ్గింగ్‌లో. గుర్రం దౌడు తీస్తుండగా నేలలో పాతిన చిన్న చెక్కమేకుని బల్లెంతో గుచ్చి ఎత్తుకుపోవడం. ఇదీ ఒంటిచేతి ఆటే! ఒక చేత బల్లెం, ఒక చేత పగ్గాలు. పటాలాల్లో సిపాయిలు సరదాగా ఆడుకున్న ఆట ఇది. ఎఫ్‌ఈఐ ముఖ్యమైన పోటీల వరసలో, అంటే జంపింగ్, డ్రెసాజ్, ఈవెంటింగ్, డ్రైవింగ్, ఎండ్యూరెన్స్, వాల్టింగ్‌లలో, ఇది లేదు. దానికి వేరే అంతర్జాతీయ సమాఖ్య ఉంది. అయినా మన జాతీయ ఫెడరేషన్ దాన్ని తన పోటీల్లో కలుపుకుని ప్రతి ఏటా ఆడిస్తుంది, సర్టిఫికెట్ ఇస్తుంది. పోలీసు జట్లు ఆడతాయి. అంటే పైవాళ్ల పెద్ద పట్టికలో లేని ఆటకి మనవాళ్లు చోటివ్వకూడదన్న రూలేమీ లేదన్నమాట. ఇచ్చిన దాఖలా కళ్లముందే ఉంది.

మరి వెస్ట్రన్‌కి ఎందుకివ్వలేదు? ఇక్కడ కొంచెం ఓపిక పట్టాలి.

వెస్ట్రన్ పద్ధతిలో పోటీకి బాగా అనువైనది రెయినింగ్ అనే ఆట. మైదానంలో గుర్రం పెద్ద చుట్లు, చిన్న చుట్లు తిరగాలి. ఉన్నచోటే బొంగరంలా గిర్రున తిరగాలి. పూర్తి దౌడులోంచి వెనక కాళ్లమీద జారుతూ దుమ్ము రేగేలా ఆగాలి. ప్రతి పోటీదారూ 70 మార్కులతో మొదలవుతాడు. ఒక్కో విన్యాసానికి ఒకటిన్నర దాకా కలుపుతారు, లేదా తీసేస్తారు. అమెరికాలో దీనికి 1966 నుంచీ సొంత సంఘం ఉంది. 2000లో ఎఫ్‌ఈఐ దాన్ని తన కుటుంబంలోకి తీసుకుంది. 2002లో స్పెయిన్‌లోని హెరెస్‌లో ప్రపంచ గుర్రపు క్రీడల్లో పెట్టారు. పశులకాపరి ఆట, ఆఫీసర్ల ఆట పక్కన నిలబడింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లు కాలేదు, 2021 నవంబరులో ఎఫ్‌ఈఐ సర్వసభ్య సమావేశం రెయినింగ్‌ని తీసేస్తూ ఓటు వేసింది.

గుర్తింపు కోసం అంత కొట్లాడి తెచ్చుకున్నది అలా పోయింది. మన దేశంలో ఎవరైనా ‘వెస్ట్రన్‌ని చేర్చండి’ అని అడిగితే, ‘ప్రపంచమే తీసేసింది కదా’ అనే జవాబు ఇప్పుడు సిద్ధంగా ఉంటుంది.

తీసేయడానికి చెప్పిన కారణాలు ఏమిటంటే, పోటీల్లో పర్యవేక్షణ, మందుల నియమాలు, గుర్రాల వయసు. వీటిమీద అమెరికా సంఘాలకీ ఎఫ్‌ఈఐకీ పొత్తు కుదరలేదు. అమెరికాలో రెయినింగ్‌కి అతి పెద్ద పోటీ, కోట్ల రూపాయల బహుమతులుండేది, మూడేళ్ల గుర్రాలకి. మూడేళ్లకి అది పోటీకి రావాలంటే రెండేళ్లకే జీను వేయాలి. ఒక పశువైద్యుడిగా నేనిక్కడ ఎఫ్‌ఈఐ పక్షమే. గుర్రానికి కాలి కింది ఎముకలు త్వరగా గట్టిపడతాయి గానీ, వెన్నుపూసల ఎదుగుదల అయిదారేళ్ల దాకా పూర్తవదు. ఆ వెన్ను మీదే మనం కూచునేది. దౌడులోంచి జారి ఆగడమంటే ఆ భారమంతా వెనక కీళ్ల మీద, నడుం మీద పడుతుంది. మన రైతు కూడా పాలపళ్లు ఊడని కోడెకి పూర్తి కాడి వేయడు. బండలాగుడు పోటీల్లో పళ్లు చూసి, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలు చేస్తారే, ఆ తెలివి గమనించండి.

అయితే దీనివల్ల పద్ధతే తప్పని కాదు. దాన్ని వ్యాపారం చేసిన తొందర తప్పు. అమెరికాలోనే వెస్ట్రన్ డ్రెసాజ్ అని ఇంకో దారి పుట్టింది. 2010లో ఒక సంఘం పెట్టుకున్నారు. వదులు పగ్గాలు, బరువు జీను, మెల్లగా మెట్టుమెట్టుగా గుర్రాన్ని తీర్చడం. విసురూ జారుడూ లేవు. మూడేళ్లలో, 2013లో, అక్కడి జాతీయ ఫెడరేషన్ వాళ్లని అనుబంధ సంఘంగా గుర్తించింది. ఏం చేసి సాధించారంటే, ముందు రూలు పుస్తకం రాశారు. జడ్జీలకి పాఠాలు చెప్పారు. చిన్న స్థాయి నుంచి పరీక్షలు తయారు చేశారు. అప్పుడు వెళ్లి తలుపు కొట్టారు.

మనకి ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే చెడుగుడు ఉంది. నా చిన్నప్పుడు ఇందుకూరుపేట చుట్టుపక్కల ఊరికో చెడుగుడు ఉండేది. ఒక ఊళ్లో అవుటైనవాడు బయటే, ఇంకో ఊళ్లో తనవాళ్లు ఒకడిని కొడితే మళ్లీ లోపలికి వస్తాడు. గీతలు కాళ్లతో గీసేవాళ్లం, కూత ఎవరిది వాళ్లది. 1950లో అఖిల భారత సమాఖ్య ఏర్పడి, ఒకే రూలు పుస్తకం వచ్చింది. నలభై ఏళ్లకి, 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో కబడ్డీ చేరింది. 2010లో ఆడవాళ్ల కబడ్డీ కూడా. ఇవాళ పల్లెటూరి పిల్లవాడు టీవీలో వేలంపాటలో లక్షలకి అమ్ముడవుతున్నాడంటే ఆ పుస్తకం పుణ్యమే. మా ఊరి కూత మాత్రం అందులో లేదు. అందరికీ కలిపి ఒకే గీత గీసినప్పుడు ఎవరి గీతో ఒకటి చెరగక తప్పదు. నాకు దానిమీద బెంగ ఉంది, కానీ ఫిర్యాదు లేదు. 

మన గుర్రాల లోకంలో ఇంకో చిక్కుంది. జాతీయ ఫెడరేషన్‌లో ఓటు రాష్ట్ర సంఘాలకుండాలా, క్లబ్బులకి, విడి సభ్యులకి కూడా ఉండొచ్చా అన్న తగాదా ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కి ఏళ్ల తరబడి నడిచింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడా పాలన చట్టం సమాఖ్యలకి గుర్తింపు ఇచ్చే పనిని జాతీయ క్రీడా బోర్డుకి అప్పజెప్పింది. ఇవన్నీ ఢిల్లీ మాటలు. నా దృష్టంతా రాష్ట్రం మాట మీదుంది. ఏ ఆటకైనా అడిగేవాళ్లు కింద ఉండాలి. గుర్రం అంటే మనకి ఎవరు గుర్తొస్తారు? గోషామహల్‌లో హైదరాబాదు పోలీసు గుర్రాలు, మలక్‌పేట రేసు గుర్రాలు. అంతేనా? విశాఖ ఆర్కే బీచిలో గుర్రాలు తిప్పేవాళ్లు, పెళ్లి ఊరేగింపులకి గుర్రాలు తెచ్చేవాళ్లు, పాడేరు, చింతపల్లి కొండల్లో రోడ్డులేని ఊళ్లకి గుర్రాల మీద బియ్యం, ఉప్పు మోసుకెళ్లే గిరిజనులు... వీళ్లు రౌతులు కారా? ఆ కొండదారుల్లో మూట ముందు పెట్టుకుని ఒక చేత్తో గుర్రాన్ని తిప్పుకుంటూ దిగేవాడిని ఏ స్కూల్లోనైనా చేర్చుకోబోతే వాడికీ మొదటిరోజు ‘మరిచిపో’ అనే చెబుతారు.

నేను వెస్ట్రన్ పద్ధతి కావాలనడానికి అసలు కారణం ఇదే. మా మనవరాలి సర్టిఫికెట్ ఒక్కటే అయితే వాళ్ల నాన్న మాటే సరి అనేవాణ్ని. ఇంగ్లిష్ పద్ధతి కూడా నేర్చుకో తల్లీ, రెండు భాషలొస్తే నష్టమేముంది అని నేనే చెప్పాను. నేర్చుకుంటోంది కూడా. కానీ ఆ తలుపు తెరుచుకుంటే అందులోంచి లోపలికి వచ్చేది టెక్సస్ పిల్లలు నలుగురే కాదు. పని కోసం గుర్రమెక్కినవాళ్లంతా వస్తారు. పనిలోంచి పుట్టిన స్వారీకి ఒక కొలత, ఒక జడ్జి, ఒక కాగితం ఉంటే, మైపాడు కుర్రాడు కూడా ఏదో ఒకరోజు స్పోర్ట్స్ కోటా దరఖాస్తులో ఒక గడి నింపగలుగుతాడు. వాడు నన్ను అడిగింది కూడా అదే. ‘సార్, గుర్రం పోలీసులో చేరాలంటే ఏం కావాల?’ ఇంటర్ దాకా చదవాలని చెప్పాను. అదీ నిజమే. కానీ గుర్రం సంగతి వాడికి తెలిసినంత, మెడ మీద చెయ్యేసి దానికి కడుపునొప్పో కాదో చెప్పగలిగినంత తెలిసినవాళ్లని నా సర్వీసులో వేళ్ల మీద లెక్కపెట్టగలను. ఆ తెలివికి ఏ కాలమ్ ఉంది?

వెస్ట్రన్ అనే పేరుతోనే రావాలా అని కొందరు అడగొచ్చు. నాకు పేరు మీద పట్టింపు లేదు. ‘పని స్వారీ’ అనండి, ‘పొలం స్వారీ’ అనండి, ఇంకేదన్నా అనండి. పడమటి జీను ఖరీదు మనవాడు పెట్టలేడు కూడా. కంబళి మడత వేసి కట్టిన జీనుకీ అవకాశం ఉండాలి. కానీ రూలు పుస్తకం మాత్రం వాళ్లది చూసి రాసుకోవాల్సిందే. దశాబ్దాల తప్పులూ ఒప్పులూ అందులో ఉన్నాయి. మనం కొత్తగా అవే తప్పులు చేయనక్కర్లేదు. 

ఈ మాటలన్నీ సంక్రాంతి నాలుగు రోజులూ ఇంట్లో నడిచాయి. మా ఆవిడ అరిసెలు వండుతూ, ‘ఎంసెట్‌లో గుర్రాల మీద ప్రశ్నలొస్తాయా?’ అని రెండుసార్లు అడిగింది. కనుమ నాడు మా పిల్ల ఒక రెండువందల పేజీల నోటుబుక్ తీసింది. మొదటి పేజీలో ‘ఆంధ్ర, తెలంగాణ పని స్వారీ పోటీలు - నియమాలు’ అని తెలుగులోనే రాసింది. అక్షరాలు కొంచెం వంకరే గానీ, అర్థమయ్యాయి. జీను ఏదైనా ఫరవాలేదు, పగ్గాలు ఒంటిచేత్తోనే పట్టాలి. రెండో చేత్తో ఒక నీళ్ల బిందె, ఒలకకుండా ఇంత దూరం మోయాలి. తెరిచి మూసే గేటు ఒకటి గుర్రం దిగకుండా దాటాలి. గడ్డిమోపు ఒకటి అందుకుని తెచ్చి చెప్పినచోట దించాలి. చివర్న, ఎవరు చెప్పినా చెప్పకపోయినా గుర్రాన్ని కొట్టిన వాళ్లకి సున్నా. నోట్లో రక్తం కనబడితే పోటీ నుంచే బయటికి.

అన్నీ బాగున్నాయి. ఒక్క దగ్గర మాత్రం మా ఇద్దరికీ కుదరలేదు. పోటీకొచ్చే గుర్రానికి కనీస వయసు నాలుగేళ్లు అని రాసింది. నేను కొట్టేసి ఆరు అని దిద్దాను. ‘ఆరంటే ఎవరూ రారు తాతా, అంతకాలం తిండి పెట్టి ఊరికే ఎవరుంచుకుంటారు?’ అంటుంది. ఊరికే ఎందుకు, తేలికపాటి పని చేయించుకోమను, పోటీకి మాత్రం ఆరే అంటాను నేను. హైదరాబాదు వెళ్లాక ఫోను చేసి అయిదు అంది. నేనింకా ఒప్పుకోలేదు.